చర్చ: యూ సుంగ్‌జున్ జీవితం, పాటలు, ఇంచాన్ విమానాశ్రయం

వేకువ_తార (చర్చ ప్రారంభం)

అందరికీ నమస్కారం. 2025 జూన్‌లో దక్షిణ కొరియా పాటల బృందం బీటీఎస్‌లో మిగిలిన సభ్యులు కూడా సైనిక సేవ ముగించుకొని బయటికి వస్తున్నప్పుడు, ఇంటర్ చదువుతున్న మా పిన్ని కూతురు ఆ వార్తలన్నీ ఎంతో శ్రద్ధగా చదివింది. ఒక రోజు, “అక్కా, గాయకులు, సైన్యం అన్న మాట వచ్చిన ప్రతిచోటా ఈ స్టీవ్ యూ పేరు ఎందుకు వస్తోంది? ఈయన ఏం పాడాడు?” అని అడిగింది. మొదటి ప్రశ్నకు నాకు జవాబు తెలుసు. రెండో ప్రశ్నకు వెంటనే చెప్పలేకపోయాను, అదే నన్ను ఎక్కువగా బాధించింది. అందుకే ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

నాకు తెలిసినంత వరకు ఆయన కథ ఇది. యూ సుంగ్‌జున్ (స్టీవ్ యూ అన్నది ఈయన పేరే) 1976 డిసెంబరు 15న సియోల్‌లో పుట్టారు. పదమూడో ఏట కుటుంబంతో కలిసి అమెరికా వెళ్ళి, కాలిఫోర్నియాలో పెరిగారు. 1997లో కొరియాకు తిరిగి వచ్చి మొదటి ఆల్బమ్ విడుదల చేశారు. ఆ ఏడాది చివర్లో కొరియా ఆర్థిక వ్యవస్థ కుప్పకూలి, ప్రభుత్వం అంతర్జాతీయ ద్రవ్యనిధి ముందు చేయి చాచవలసి వచ్చింది. ఉద్యోగాలు పోయి ఇళ్ళల్లో దిగులు నిండిన ఆ రోజుల్లో, చెమటలు కక్కుతూ, నవ్వుతూ, అలుపు లేకుండా నర్తించే ఇరవై ఏళ్ల కుర్రవాడు ప్రతి ఇంటి టీవీలోనూ కనిపించాడు. మద్యం ముట్టడు, పొగ తాగడు, దైవభక్తి ఉన్నవాడు అని పత్రికలు రాశాయి. ‘అందమైన యువకుడు’ అన్న బిరుదు ఆయన పేరుకు అతుక్కుపోయింది. ఐదేళ్లపాటు అలా సాగింది. సైనిక సేవలో చేరవలసిన సమయంలో, 2002 జనవరిలో, ఆయన అమెరికా పౌరసత్వం తీసుకున్నారు, ఫిబ్రవరి 2న ఇంచాన్ విమానాశ్రయంలో అధికారులు ఆయనను లోపలికి రానివ్వకుండా వెనక్కి పంపేశారు. అప్పటి నుంచి ఆయన మళ్ళీ ఆ నేల మీద అడుగు పెట్టలేదు.

ఈ విషయం తెలిసినవారు పాటల గురించీ, కొరియా వీసా కోసం ఆయన వేసిన కేసు గురించీ వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాతపాటల_పెట్టె

వేకువ_తార గారూ, పాటల సంగతి ముందు అడిగినందుకు ధన్యవాదాలు. నేను కొరియా పాటలు వినడం మొదలుపెట్టింది 2012లో, కొరియా గాయకుడు సై పాడిన ‘గాంగ్‌నమ్ స్టైల్’ మన పెళ్ళి ఊరేగింపుల దాకా వచ్చిన ఏడాది. అక్కడి నుంచి వెనక్కి తవ్వుకుంటూ 1990ల దగ్గరికి చేరాను.

యూ సుంగ్‌జున్ ఎలాంటి సమయంలో అడుగుపెట్టారో చూస్తేనే ఆయన సాధించినది అర్థమవుతుంది. కొరియా యువతరపు సంగీతాన్ని మార్చివేసిన సొ తేజీ బృందం 1996 జనవరిలో విరమించుకుంది. అదే ఏడాది సెప్టెంబరులో హెచ్.ఓ.టి. అనే ఐదుగురి బృందం వచ్చింది, 1997 ఏప్రిల్‌లో సెక్స్‌కీస్ అనే ఆరుగురి బృందం వచ్చింది. అంటే బృందాల యుగం మొదలైన ఆ క్షణంలోనే, పక్కన తోడు లేకుండా ఒక్కడే వేదిక మధ్యలో నిలబడి, ఐదారుగురు పంచుకునే భారాన్ని తానే మోసిన గాయకుడు ఆయన. ‘గావి’ అనే పాట ఆయనను నిలబెట్టింది. 1998లో ‘నానానా’, 1999లో ‘యొల్‌జొంగ్’ ఆయనను శిఖరం మీద కూర్చోబెట్టాయి. ‘యొల్‌జొంగ్’ అంటే తపన, ఉద్వేగం అని అర్థం చెప్పుకోవచ్చు.

గొంతు గొప్పదని నేను అనను. పైస్థాయిలో ఆ గొంతు పలచబడుతుంది. ఆయన బలం లయలో ఉంది. అమెరికా వీధుల్లో నేర్చుకున్న హిప్‌హాప్ నడకను కొరియా పాటల ఏడుపు రాగానికి జోడించి, పల్లవి వచ్చే చోట మొత్తం శరీరాన్ని ఒక తాళవాద్యంగా మార్చేవారు. ‘యొల్‌జొంగ్’ వేదిక ప్రదర్శన ఇప్పుడు చూసినా, నేటి బృందాలు నెలల తరబడి సాధన చేసి సాధించే పదును అందులో కనిపిస్తుంది. కొరియా నృత్య సంగీత చరిత్ర రాసేవారు ఆ ఐదేళ్లను ఒక్క వాక్యంతో దాటేయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

హన్‌నది_ఒడ్డున

నేను ఎనిమిదేళ్లుగా సియోల్ దగ్గర ఉంటున్నాను. వచ్చిన కొత్తలో భోజనాల వేళ నేను అమాయకంగా ఈ పేరు ఎత్తాను. అప్పటిదాకా నవ్వుతూ మాట్లాడుతున్న మా విభాగాధిపతి చెంచా కింద పెట్టి, “నేను ఇరవై ఆరు నెలలు సరిహద్దులో ఉన్నాను, మా అమ్మ ప్రతి శీతాకాలం ఏడ్చేది” అని మాత్రం అన్నారు. ఇంకెవరూ మాట్లాడలేదు. ఆ రోజు నాకు అర్థమైంది, ఇది సినిమావాళ్ల ముచ్చట కాదని.

ఇక్కడ ఆరోగ్యంగా ఉన్న ప్రతి మగపిల్లవాడూ సైన్యంలో చేరి తీరాలి. ఆ బాధ్యత రాజ్యాంగంలోనే, 39వ అధికరణంలో ఉంది. ఇప్పుడు పదాతి దళంలో పద్దెనిమిది నెలలే, ఆ రోజుల్లో ఇరవై ఆరు నెలలు. చదువు మధ్యలో ఆగిపోతుంది, ప్రేమలు చెదిరిపోతాయి, కొందరు గాయాలతో తిరిగి వస్తారు. ఈ భారాన్ని జనం మోసేది ‘ధనవంతుడి కొడుకూ, పేదవాడి కొడుకూ ఒకే వరుసలో నిలబడతారు’ అన్న ఒక్క నమ్మకం మీదనే. ఆ నమ్మకం అప్పటికే గాయపడి ఉంది. 1997 అధ్యక్ష ఎన్నికల్లో లీ హ్వేచాంగ్ అనే పెద్ద నాయకుడు, తన ఇద్దరు కొడుకులూ బరువు తక్కువని సైన్యం తప్పించుకున్నారన్న విమర్శతో దెబ్బతిని, రెండు శాతం కన్నా తక్కువ తేడాతో కిమ్ డేజుంగ్ చేతిలో ఓడిపోయారు. అలాంటి దేశంలో యూ సుంగ్‌జున్ టీవీలో నిలబడి, తాను సైన్యానికి వెళ్తానని పలుమార్లు చెప్పారు. 2001 వైద్య పరీక్షలో వెన్ను శస్త్రచికిత్స కారణంగా నాలుగో శ్రేణి వచ్చింది. అంటే తుపాకీ పట్టే పని కాదు, ప్రభుత్వ కార్యాలయంలో సేవ చేసే పని. దానికీ ఒప్పుకున్నారు. జపాన్‌లో కచేరీ ఉంది, అమెరికాలో కుటుంబాన్ని చూసి వస్తాను అని అనుమతి తీసుకొని దేశం దాటారు. తిరిగి వచ్చేటప్పటికి ఆయన అమెరికా పౌరుడు.

ఇక్కడివారు ఆయనను ఇప్పటికీ ‘స్టీవ్ యూ’ అనే పిలుస్తారు. కొరియా పేరుతో పిలవడానికి నోరు రాదు. ఆ ఒక్క పిలుపులో ఇరవై మూడేళ్ల కోపం ఉంది.

సిపాయి_బిడ్డ

మాది పశ్చిమ గోదావరి జిల్లా మాధవరం. మా ఊరిని అందరూ ‘మిలటరీ మాధవరం’ అంటారు. తరతరాలుగా ప్రతి ఇంటి నుంచీ ఒకరైనా సైన్యానికి వెళ్ళిన ఊరు. మా నాన్నగారు కూడా సైన్యంలో పనిచేశారు. మన దేశంలో నిర్బంధ సైనిక సేవ లేదు కాబట్టి, మా ఊరివాళ్లు వెళ్ళింది ఇష్టపడి. అయినా హన్‌నది_ఒడ్డున గారి అధికారి చెంచా కింద పెట్టిన క్షణం నా కళ్ల ముందు కదిలింది.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. వెళ్ళలేనని ఆయన ముందే చెప్పి ఉంటే ఇంత కోపం వచ్చేది కాదు. అదే 2002లో, ప్రపంచకప్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు చేరిన కొరియా జట్టులోని యువకులకు ప్రభుత్వం సైనిక సేవ మినహాయించింది, జనం సంతోషంగా చప్పట్లు కొట్టారు. కాబట్టి వారికి నొప్పి కలిగించింది ఒక మనిషి తుపాకీ పట్టకపోవడం కాదు, ఆడిన మాట తప్పడం. ఆ ఏడాదే జూన్ 29న, అదే ప్రపంచకప్ చివరి రోజుల్లో, పశ్చిమ సముద్రంలో ఉత్తర కొరియా నావికులతో జరిగిన పోరులో ఆరుగురు దక్షిణ కొరియా నావికులు చనిపోయారు. వారిలో చాలామంది ఆయన పాటలు విని పెరిగిన వయసు వాళ్లే అయి ఉంటారు.

ఆయనలాగే అమెరికాలో పెరిగిన ఓక్ తేక్యన్‌ను చూడండి. 2పీఎం బృందంలో గాయకుడు, ‘విన్సెంజో’ ధారావాహిక చూసిన మనవాళ్లు ఆయనను నటుడిగా గుర్తుపడతారు. అమెరికాలో శాశ్వత నివాస హక్కును వదులుకున్నారు. ఆయనకూ వెన్ను సమస్యతో కార్యాలయ సేవే దక్కింది. శస్త్రచికిత్స, చికిత్స చేయించుకొని, మళ్ళీ పరీక్షకు నిలబడి, 2017లో సాధారణ సైనికుడిగా చేరి 2019 మేలో బయటికి వచ్చారు. సై ఏకంగా రెండుసార్లు సేవ చేయవలసి వచ్చింది, మొదటిసారి చేసిన సేవ సరిగా లేదని తేలడంతో. ఆయన రెండోసారి వెళ్ళి వచ్చిన తరువాతే ప్రపంచమంతా ఆయన పాటకు ఎగిరింది.

కాలిఫోర్నియా_కృష్ణాతీరం

సిపాయి_బిడ్డ గారి మాటలను గౌరవిస్తూనే, మరో వైపు నుంచి చెప్పాలని ఉంది. నేను ఇరవై రెండేళ్లుగా కాలిఫోర్నియాలో ఉంటున్నాను. మా పక్కింటి కొరియా కుటుంబంతో మాకు రాకపోకలు ఉన్నాయి. పదమూడేళ్ల పిల్లవాడిని తీసుకొచ్చి, చిన్న దుకాణమో బట్టలుతికే దుకాణమో పెట్టుకొని, రాత్రింబవళ్లు పనిచేసిన తల్లిదండ్రులకు ఆ పౌరసత్వం ఒక కాగితం కాదు. అది వాళ్లు చిందించిన చెమట లెక్క. తన తండ్రి నచ్చచెప్పడం వల్లనే ఆ నిర్ణయం తీసుకున్నానని యూ సుంగ్‌జున్ తరువాత చెప్పుకున్నారు. తప్పు తండ్రి మీదికి నెట్టడం కాదా అని మీరు అడగవచ్చు. నా కొడుక్కి పద్నాలుగేళ్లు, వాడికి ఓసీఐ కార్డు (పరాయి పౌరసత్వం ఉన్న భారత సంతతివారికి మన ప్రభుత్వం ఇచ్చేది) తీసుకున్న రోజున నా చేతులు వణికాయి. రెండు దేశాల మధ్య పెరిగిన బిడ్డ విషయంలో ఏ నిర్ణయం తీసుకున్నా ఒక దేశానికి ద్రోహం చేసినట్టే అనిపిస్తుంది.

ఆయన అడుగుతున్న ఎఫ్-4 వీసా, మన ఓసీఐ లాంటిదే అని చెప్పవచ్చు. పూర్వం కొరియావారై ఇప్పుడు పరాయి పౌరసత్వం ఉన్నవారికి, వారి పిల్లలకు ఇచ్చేది. ఓసీఐ జీవితకాలానిది, ఎఫ్-4ను ఎప్పటికప్పుడు పొడిగించుకోవాలి, అదొక తేడా. ఓసీఐ దరఖాస్తు పదే పదే తిరస్కరిస్తే ఇక్కడి తెలుగువాళ్లలో ఎంత గగ్గోలు లేస్తుందో ఊహించుకోండి. ఆయన మీద నేర విచారణ జరగలేదు. ఏ న్యాయస్థానమూ శిక్ష వేయలేదు. శిక్ష పడినవారికైనా ఒక గడువు ఉంటుంది.

న్యాయదర్శిని

వృత్తిరీత్యా న్యాయవాదిని కాబట్టి ఈ కేసును మొదటి నుంచీ గమనిస్తున్నాను. ఇందులో రెండు వేర్వేరు విషయాలు కలగలిసిపోతున్నాయి, వాటిని విడదీస్తాను.

మొదటిది ప్రవేశ నిషేధం. సైనిక సేవా విభాగం కోరిక మీద న్యాయ మంత్రిత్వ శాఖ 2002 ఫిబ్రవరిలో విధించింది. వలస నియంత్రణ చట్టం 11వ అధికరణం ప్రకారం, దేశ ప్రయోజనాలకు గానీ, సామాజిక క్రమానికి గానీ హాని చేస్తాడని భావించిన విదేశీయుడిని రానివ్వకుండా ఆపవచ్చు. విదేశీయుడు అన్న మాటను గమనించండి. పౌరసత్వం వదులుకున్న మరుక్షణమే ఆయన ఆ చట్టం చేతికి చిక్కారు.

రెండోది వీసా. 2015 మేలో ఆయన ఇంటర్నెట్ ప్రసారంలో మోకాళ్ల మీద కూర్చొని క్షమాపణ చెప్పారు. తరువాత లాస్ ఏంజెల్స్‌లోని కొరియా కాన్సులేట్‌లో ఎఫ్-4 వీసాకు దరఖాస్తు చేసుకున్నారు. తిరస్కరించారు. ఆయన దావా వేశారు. 2016లో ఓడిపోయారు, 2017లో అప్పీలులో మళ్ళీ ఓడిపోయారు. 2019 జూలై 11న సుప్రీంకోర్టు ఆ తీర్పులను తిరగదోడింది. కారణాలు చదివితే మన పాలనా న్యాయం చదివినవారికి ఎంతో పరిచితంగా అనిపిస్తాయి. 2002 నాటి నిషేధం అధికారుల కంప్యూటర్‌లో నమోదైన ఒక అంతర్గత నిర్ణయం మాత్రమే, దాన్ని ఆయనకు లాంఛనంగా తెలియజేయనే లేదు. పదమూడేళ్ల తరువాత కాన్సులేట్ ఆ నమోదును చూసి, తన విచక్షణను ఏమాత్రం ఉపయోగించకుండా ‘కుదరదు’ అనేసింది. అదైనా కాగితం మీద కాదు, ఆయన తండ్రికి ఫోన్ చేసి చెప్పింది. విచక్షణాధికారం ఉన్న అధికారి దాన్ని ఉపయోగించకపోవడమే చట్టవిరుద్ధం అని న్యాయస్థానం తేల్చింది. ఆయన నడవడిక సామాజికంగా విమర్శకు తగినదే అయినా సరే, అని కూడా చెప్పింది.

2020 మార్చిలో ఆ విజయం ఖాయమైంది. జూలైలో కాన్సులేట్ మళ్ళీ తిరస్కరించింది, ఈసారి కారణాలు రాసి. రెండో దావా. 2022లో ఓటమి, 2023 జూలైలో హైకోర్టులో గెలుపు, నవంబరు 30న సుప్రీంకోర్టులో గెలుపు. 2024 జూన్‌లో మూడో తిరస్కరణ. మూడో దావా. 2025 ఆగస్టు 28న సియోల్ పరిపాలనా న్యాయస్థానం వీసా నిరాకరణ చెల్లదని మళ్ళీ చెప్పింది, అయితే నిషేధాన్ని నేరుగా రద్దు చేయమన్న అభ్యర్థనను మాత్రం విచారణకు స్వీకరించలేదు. ఆయన చేసింది సరైనదని ఈ తీర్పు అర్థం కాదని కూడా న్యాయమూర్తులు స్పష్టం చేశారు.

సిపాయి_బిడ్డ

న్యాయదర్శిని గారూ, ఇంత వివరంగా రాసినందుకు కృతజ్ఞతలు. ఒక సందేహం. ఆయనకు నిజంగా పుట్టిన నేలను చూడాలని మాత్రమే ఉంటే, మామూలు పర్యాటక వీసా అడగవచ్చు కదా? ఎఫ్-4 మీద ఉంటే అక్కడ ఉద్యోగం, వ్యాపారం చేసుకోవచ్చు. సంపాదన కోసమే ఈ పోరాటం అని కొరియావాళ్లు అనుమానించడం తప్పా?

న్యాయదర్శిని

అనుమానం సహజమే, నాకూ మొదట కలిగింది. అయితే న్యాయ కోణం ఒకటి ఉంది. సాధారణ విదేశీయుడికి వీసా ఇవ్వకపోతే, దాని మీద కొరియా న్యాయస్థానంలో దావా వేసే హక్కు ఉండదు. విదేశీ కొరియన్లకు ప్రత్యేక చట్టం ఉంది కాబట్టి, ఆ చట్టం కింద అడిగినప్పుడే తలుపు తట్టడానికి వీలవుతుంది. తమ న్యాయవాదుల సలహా మీదనే ఎఫ్-4 కోరామని ఆయన పక్షం చెప్పింది. ఆ చట్టంలోనే ఒక వయఃపరిమితి కూడా ఉంది. సైనిక సేవ తప్పించుకోవడానికి పౌరసత్వం వదులుకున్నవారికి అప్పట్లో 38 ఏళ్లు వచ్చేవరకు ఈ వీసా ఇవ్వకుండా ఆపవచ్చు. తరువాత ఆ పరిమితిని పెంచారు. ఆయన దరఖాస్తు చేసింది 38 నిండాక. చట్టసభ ఒక గడువు పెట్టిందంటే, ఆ గడువు దాటాక ఏదో ఒక రోజు తలుపు తెరవాలని దాని ఉద్దేశం అని నేను చదువుకుంటాను.

హన్‌నది_ఒడ్డున

సరిగ్గా ఆ 38 అన్న అంకె దగ్గరే ఇక్కడివారికి కడుపు మండుతుంది. సైన్యం పిలవలేని వయసు దాటేదాకా ఆగి, ఆ తరువాత మోకాళ్ల మీద కూర్చొని ‘ఇప్పుడైనా సేవ చేస్తాను’ అన్నారు. చట్టం ప్రకారం హక్కు పుట్టిన రోజే, జనం దృష్టిలో ఆ క్షమాపణ విలువ కోల్పోయిన రోజు. 2019 సుప్రీంకోర్టు తీర్పు వెలువడగానే, ఆయనను రానివ్వవద్దంటూ అధ్యక్ష భవనానికి పెట్టిన అర్జీ మీద కొద్ది రోజుల్లోనే రెండు లక్షల మందికి పైగా సంతకం చేశారు. న్యాయదర్శిని గారి విశ్లేషణలో నాకు తప్పు కనిపించదు. కానీ మా విభాగాధిపతికి ఆ తీర్పు చదివి వినిపించే ధైర్యం నాకు లేదు.

వేకువ_తార

అందరి మాటలూ మా చెల్లికి చదివి వినిపిస్తున్నాను. ఆయన నటుడు కూడా అని విన్నాను. కొరియా తలుపు మూసుకున్నాక ఆయన ఎక్కడ పనిచేశారు?

పాతపాటల_పెట్టె

చైనాలో. జాకీ చాన్ ఆయనను చేరదీసి, తన సంస్థలోకి తీసుకున్నారు. 2010లో వచ్చిన ‘లిటిల్ బిగ్ సోల్జర్’ చిత్రంలో వేయీ రాజ్యపు యువరాజుగా కనిపిస్తారు. జాకీ చాన్ అందులో యుద్ధమంటే ఇష్టం లేని, ఎలాగైనా ప్రాణాలతో ఇంటికి చేరి పొలం దున్నుకోవాలనుకునే ఒక ముసలి సిపాయి. ఆ కథలో యూ సుంగ్‌జున్‌ను చూడడం నాకు భారంగా అనిపించింది. ఆయన నటన ఒళ్లు వంచే సన్నివేశాల్లో బాగుంటుంది, నృత్యం నేర్చిన కాళ్లు కదా. మాటలున్న చోట బిగుసుకుపోతుంది. చైనాలో ఆయనకు పని దొరికింది, పేరు కూడా కొంత వచ్చింది, కానీ ‘యొల్‌జొంగ్’ నాటి వెలుగు మళ్ళీ రాలేదు.

మంచి వయసులో ఆయనకు కొరియా వేదిక దూరమైంది. ఇరవై ఐదేళ్లకే. సిపాయి_బిడ్డ గారు చెప్పిన తేక్యన్, సై ఇద్దరూ సేవ తరువాత ఇంకా మంచి పనులు చేశారు కాబట్టి, రెండేళ్లు వెళ్ళి వచ్చి ఉంటే ఆయన ఏం పాడి ఉండేవారో అన్న ఆలోచన నన్ను వదలదు.

కాలిఫోర్నియా_కృష్ణాతీరం

పాతపాటల_పెట్టె గారూ, మీరు రాసింది మా పక్కింటి పెద్దాయనకు చెప్పాను. ఆయనకు డెబ్బై దాటాయి. కాసేపు ఆలోచించి, “వాడి మీద నాకు కోపం పోలేదు, కానీ వాడి పాట వస్తే రేడియో ఆపను” అన్నారు.

న్యాయదర్శిని

చర్చ మొదట్లో వేకువ_తార గారు రాసిన ఒక మాటను సరిచేయాలి. 2002 ఫిబ్రవరి తరువాత ఆయన ఆ నేల మీద అడుగు పెట్టలేదన్నారు. ఒక్కసారి పెట్టారు. 2003 జూన్‌లో ఆయనకు నిశ్చితార్థమైన అమ్మాయి తండ్రి చనిపోయినప్పుడు, అంత్యక్రియల కోసం ప్రభుత్వం మూడు రోజులు అనుమతించింది. ఆయన వచ్చి, మూడు రోజులు ఉండి, వెళ్ళిపోయారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయినే పెళ్ళి చేసుకున్నారు.

వేకువ_తార

సరిచేసినందుకు ధన్యవాదాలు, నాకు ఆ సంగతి తెలియదు. మా చెల్లి ఇప్పుడు ‘యొల్‌జొంగ్’ ప్రదర్శన చూస్తోంది. ఇది రెండోసారి.